అన్నయ్యగారు కూర్చుంటే చాలు

మా వృత్తిలో ఒక నవ్వుంది. ఆస్పత్రులు నడిపే మేనేజర్లం నలుగురం ఎక్కడైనా కలిసినప్పుడు, ఎవరింట్లోనైనా ఆపరేషన్ అయిందని తెలిస్తే "ఎక్కడ చేయించారు?" అని అడుగుతాం. జవాబు తాము పనిచేసే ఆస్పత్రి మాత్రం కాదని అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. అప్పుడు అందరూ నవ్వుతారు. మిఠాయి కొట్టాయన తన కొట్లో మిఠాయి తింటాడా అని ఎవరో ఒకరంటారు. ఇంకా నవ్వుతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడూ మండింది, ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడూ మండుతోంది.

అందుకే నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. మా ఇంటివాళ్ళను చేర్పించలేని ఆస్పత్రిలో నేను ఉద్యోగం చేయను. చేర్పిస్తే అందరితో పాటే చేర్పిస్తాను. వేరే గది అడగను, వరస దాటించను. ఆస్పత్రి నిర్వహణ కోర్సులో నైతికత గురించి చెప్పిన పాఠాలు చాలావరకు మర్చిపోయాను గానీ ఈ ఒక్కటీ పట్టుకుని బతికాను. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు. ఎల్.బి.నగర్‌లో రింగు రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక ఆస్పత్రిలో జనరల్ మేనేజర్ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఇంటర్వ్యూలో ఇదే మాట చెప్పాను. ఆస్పత్రి యజమాని పేరున్న సర్జను, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. కళ్ళజోడు తీసి నావైపు మెచ్చుకోలుగా చూశాడు. "మీలాంటివాళ్ళే కావాలండీ మాకు," అన్నాడు. నేను పొంగిపోయాను.

మాది పోచంపల్లి వైపు మగ్గాల కుటుంబం. నాన్న పోయాక మగ్గం అమ్మేసి అన్న నన్నూ అమ్మనూ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. బస్సు డిపో వెనక సందులో చిన్న మ్యాచింగ్ సెంటర్ పెట్టాడు. ఆడవాళ్ళు చీర తెచ్చి బల్ల మీద పరిస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ, ఫాల్, లైనింగ్ తీసి ఇచ్చే కొట్టు. నా చదువంతా ఆ కొట్లోంచే నడిచింది. పొద్దంతా నిలబడి, దొరికింది తిని, తనకు షుగర్ ఉందని తెలిసేసరికే అన్నకు కిడ్నీలు సగం పోయాయి. డయాలసిస్ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు ఎక్కడ చేయించాలని వదిన అడిగితే నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. మా ఆస్పత్రికే తీసుకొచ్చాను.

మా డయాలసిస్ హాలు రెండో అంతస్తులో ఉండేది. ఎక్కువమంది సర్కారు ఇచ్చే ఉచిత వైద్యం కార్డు మీద వచ్చేవాళ్ళే. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున వరసలో అన్న. అతనికి కిటికీ పక్క కుర్చీ దొరికింది, అదీ ముందు వచ్చినందుకే. అందులోంచి మెట్రో స్తంభాలు, కింద బస్సుల కోసం నిలబడ్డ జనం కనిపించేవారు. అన్న మాటకారి. చేతికి సూదులు గుచ్చి ఉన్నా హాలంతా నవ్విస్తూనే ఉండేవాడు. "మేనేజరమ్మ అన్ననైతే ఏం ఫాయిదా? ఇంకో ఇడ్లీ గూడ వెయ్యరు," అని నర్సును ఏడిపించేవాడు. అతని పక్క కుర్చీలో తుర్కయంజాల్ నుంచి వచ్చే ఆర్టీసీ రిటైర్డ్ డ్రైవర్ ఉండేవాడు. ఎదురు కుర్చీలో నాదర్‌గుల్‌లో ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఆమె. ఆమెను అందరం టైలరమ్మ అనేవాళ్ళం. లైనింగ్ గుడ్డ మా అన్న కొట్లోనే కొనేది. కొత్తగా వచ్చినవాళ్ళు బెదిరిపోతుంటే ఆమే అన్నను చూపించి ధైర్యం చెప్పేది: "గాయిన గీ దవాఖాన మేడం తోడవుట్టిన అన్న. మనతోనే సూదులు గుచ్చుకుంటుండు. ఇంకేం భయం?"

ఆ మాట నా చెవిన పడ్డ రోజు నాకు కడుపు నిండినట్టయింది. ఇరవై సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్నా రాని నమ్మకం అది.

డయాలసిస్‌కు అన్నిటికన్నా ముందు కావలసింది నీళ్ళు. ఒంట్లోంచి తీసిన రక్తం సన్నటి పొరకు ఒకవైపు పారుతుంటే రెండోవైపు ఈ నీళ్ళు పారుతాయి. తాగే నీళ్ళంత శుభ్రం సరిపోదు. అందుకే పైన డాబా మీద నీళ్ళను వడగట్టే ప్లాంటు ఒకటి ఉంటుంది. ఆ వేసవిలో మా బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు తెప్పించాం. ఏ ట్యాంకరు ఏ చెరువు పక్క బోరులోంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. రోజుకో రంగు, రోజుకో వాసన. ప్లాంటు అరిగిపోతోందనీ, లోపలి గొట్టాలు మార్చాలనీ మా టెక్నీషియన్ చెబుతూనే ఉన్నాడు. నేను యజమానికి రాస్తూనే ఉన్నాను. వచ్చే నెల అని జవాబు వస్తూనే ఉంది.

మొదట వణికింది టైలరమ్మ. మిషన్ పెట్టిన కాసేపటికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆమె మీద దుప్పటి మీద దుప్పటి కప్పారు. ఇంజెక్షన్ ఇచ్చాక తగ్గింది. ఒకరికి రావడం మామూలేనన్నారు కిడ్నీ డాక్టరు. తరవాతి వారం మంగళవారం వరసలో ఇద్దరికి వచ్చింది. శుక్రవారం డ్రైవర్ పెద్దాయనకు వచ్చింది. నేను హాల్లోకి పరుగెత్తేసరికి ఆయన గువ్వలా ముడుచుకుని ఉన్నాడు. అన్న వైపు తిరిగాను.

"అన్నా, నీకేమన్న చలైతుందా?"

"నాకేం గాలే. మంచిగున్న. ముందు ముసలాయన్ను జూడు," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అది తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది గానీ, ఆ క్షణాన లేచొచ్చింది, అంతే.

మంగళవారం పరీక్షకు పంపిన నీళ్ళ ఫలితం శనివారం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి ఆ రోజు వరసలు అయిపోయాయి. టెక్నీషియన్ తలుపు వేసి మరీ చెప్పాడు. "మేడమ్, నీళ్ళల్ల క్రిములు మస్తున్నయ్. గొట్టాలన్ని మార్చాలె, కడగాలె. జర బంద్ వెట్టి ఇప్పుడే చెయ్యకుంటే ఎవలకన్న రక్తంల వడ్తది. అప్పుడు మన చేతుల ఉండదు."

నేను ఆ కాగితం పట్టుకుని యజమాని గదికి వెళ్ళాను. ఆయన నా మాట తప్పక వింటాడనుకున్నాను. ఎంత పిసినారైనా, ఎంత బిజీ అయినా, డాక్టరు. ఒంట్లోకి విషం పోతోందని చెబితే డాక్టరు వినకుండా ఉంటాడా?

అయితే రాబోయేది మామూలు వారం కాదు. గురువారం నాణ్యత తనిఖీ ఉంది. ఆస్పత్రి ప్రమాణాలు బాగున్నాయో లేవో చూసి ముద్ర వేసే బృందం వస్తోంది. దాని కోసమే ఆరు నెలలుగా రంగులు వేయిస్తున్నాం, గోడలకు రోగుల హక్కుల బోర్డులు తగిలిస్తున్నాం. ఆయన కాగితం చూశాడు, తిప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు హాలు మూస్తే ఎలాగండీ? వాళ్ళు మొట్టమొదట అడిగేది డయాలసిసే. శుక్రవారం నుంచి మీ ఇష్టం, నెలంతా మూసుకోండి."

"అప్పటిదాకా సోమవారం ఉంది, మంగళ, బుధ ఉన్నాయి సార్. అందరికీ అవే నీళ్ళు."

"మిషన్ పెట్టే ముందే వణుకు రాకుండా ఇంజెక్షన్ చేయించండి. నాలుగు రోజులకి ఏం కాదు."

"వణుకు రాకుండా చేస్తే నీళ్ళు బాగుపడతాయా సార్?"

ఆయన నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. కోపం కూడా రాలేదు ఆయనకు. "చూడమ్మా, అసలు సమస్య నీళ్ళు కాదు. భయం. కింద పేషెంట్లు గుసగుసలాడుతున్నారట. సోమవారం సగంమంది రాకపోతే హాలు ఖాళీగా కనపడుతుంది. మీరు ఒక్క పని చేయండి. మీ అన్నయ్యగారిని ఎప్పట్లాగే రమ్మనండి. ఆ కిటికీ పక్కన ఆయన కూర్చుంటే చాలు. ఇంకెవరూ నోరెత్తరు."

ఆయన ఆ మాట బెదిరింపుగా అనలేదు, దుర్మార్గంగా కూడా అనలేదు. ఫ్రంట్ ఆఫీసులో పూలకుండీ పెట్టించమన్నట్టు అన్నాడు. ఇన్నేళ్ళూ నేను నీతి అనుకుని మోసిన దాన్ని ఆయన ఎప్పటినుంచి బోర్డులా వాడుకుంటున్నాడో అప్పుడు అర్థమైంది. ఇంటర్వ్యూలో నన్నెందుకు మెచ్చుకున్నాడో కూడా అర్థమైంది. కంచే చేను మేస్తే అంటారే, అక్కడ నేను ఆ కంచెకు కట్టిన ముళ్ళకొమ్మను. కిందికి వచ్చి బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. ఏడుపులో సగం కోపం.

ఏడిస్తే నీళ్ళు శుభ్రమవుతాయా? ఫోన్లు మొదలుపెట్టాను. ఈ చుట్టుపక్కల ఆస్పత్రుల మేనేజర్లందరూ నాకు తెలుసు. మీటింగుల్లో పక్కపక్కన కూర్చుని సమోసాలు తిన్నవాళ్ళమే. మా వాళ్ళను కొన్నాళ్ళు మీ దగ్గర సర్దండి అని అడిగాను. ఎందుకని అడిగారు. నిజం చెప్పాను. నిజం చెప్పగానే గొంతులు మారిపోయాయి. మా దగ్గర ఖాళీ లేదన్నారు, కార్డు మార్పిడికి వారాలు పడుతుందన్నారు, మీ గొడవలోకి మమ్మల్ని లాగకండన్నారు. కొత్తపేటలో ఒకాయన మాత్రం గొంతు తగ్గించి అన్నాడు:

"మేడమ్, అందరంటే నాతోని గాదు. మీ అన్నకైతే ఒక్క జాగ ఇప్పిస్త. సోమారం పొద్దుగాల పంపున్రి. మనోళ్ళను మనం జూసుకోకుంటే ఎట్ల?"

మంచి మనిషే ఆయన. ఆయన చేసింది మేలే. మా వృత్తిలో అందరం చేసేది అదే: ఓడకు చిల్లు పడితే మనవాళ్ళను ముందు దింపుతాం. నేను వద్దనలేదు. వద్దనాలని అనిపించలేదు. ఆ ఒక్క జాగా దొరికిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆదివారం సాయంత్రం కొట్టుకు వెళ్ళాను. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ సందులు ఎలా ఉంటాయో తెలుసు కదా, మనిషి మీద మనిషి. పెళ్ళిళ్ళ కాలం. అన్న బల్ల వెనక ఎత్తు పీట మీద కూర్చుని ఒక పెద్దావిడ చీర అంచుకు గుడ్డ చూపిస్తున్నాడు. ముఖం ఉబ్బి ఉంది. రద్దీ తగ్గేదాకా ఆగి, వదిన ముందే విషయమంతా చెప్పాను. నీళ్ళ సంగతి, యజమాని మాట, కొత్తపేట జాగా. రేపు పొద్దున నువ్వు మా ఆస్పత్రికి రావద్దు, నేరుగా కొత్తపేట వెళ్ళు అన్నాను.

అన్న గుడ్డ మడతపెడుతూ అడిగాడు. "మరి మిగిలినోళ్ళు?"

"చూస్తున్న. అడుగుతున్న."

"నేను కొత్తపేటకు పోతె టైలరమ్మ ఏమనుకుంటది?"

"ఏమన్న అనుకోనీ. నువ్వు ముందు బతకాలె గద!"

నేను అరిచాననుకుంటాను. పక్క కొట్టువాళ్ళు తిరిగి చూశారు. వదిన చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది అన్నతో. అతను తల దించుకున్నాడు. వదిన నావైపు తిరిగింది. "శుక్రారం ఈయనకు గూడ చలొచ్చింది. ఇంటికొచ్చినంక గజగజ వణికిండు. నాలుగు దుప్పట్లు గప్పిన. అంతకుముందు బుధారం గూడ వచ్చిందంట. నీకు చెప్పద్దని నాతోని ఒట్టు వెట్టించుకుండు."

నేను అన్న వైపు చూశాను. అడిగాను కదా, నేను స్వయంగా అడిగాను కదా, మంచిగున్న అన్నాడు కదా.

"ఏం జెయ్యాలె చెల్లె," అన్నాడు మెల్లగా. "నేను గూడ వణికితే హాలంత లేచి పోతరు. నీకు మాటొస్తది. మీ అన్నకే గట్లయిందంట అని అందరంటరు. పళ్ళు బిగవట్టుకొని కూసున్న. నర్సుకు గూడ తెల్వనియ్యలే. నీ దవాఖాన నాది గాదా?"

ఇంతకన్నా దెబ్బ ఇంకోటుంటుందా? యజమాని అన్నను పూలకుండీలా వాడుకుంటున్నాడని నేను శనివారం ఏడ్చాను. కానీ అన్నను ఆ కుర్చీకి కట్టేసింది ఎవరు? వరస దాటించను, వేరే గది అడగను అని గొప్పగా చెప్పుకున్నానే, రోగికి ఉండే మొట్టమొదటి హక్కు, నాకు బాగాలేదు అని చెప్పే హక్కు, నా నియమం వల్లే అన్నకు లేకుండా పోయింది. మిగతావాళ్ళందరూ వణికితే వణుకుతున్నామన్నారు. మేనేజరమ్మ అన్న ఒక్కడే అనలేకపోయాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు ధైర్యం తెచ్చుకున్నారు. ఆ కొట్లో, రంగు రంగుల గుడ్డల మధ్య నిలబడి రేపటి లెక్క వేసుకున్నాను. అన్నను పంపించేస్తే మిగతావాళ్ళు బెదిరి ఎక్కడికీ పోక, డయాలసిస్ మానేసి ఇళ్ళల్లో కూర్చుంటారు. వస్తే ఆ నీళ్ళు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం తెల్లారగానే టెక్నీషియన్‌ను పైకి తీసుకెళ్ళి ప్లాంటు ఆపించేశాను. నీళ్ళు లేకపోతే మిషన్లు నడవవు. నాకు తోచిన ధైర్యం అంతే. తరవాత హాలు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు చెప్పాను. నీళ్ళు బాగాలేవు, ఈ రోజు ఎవరికీ పెట్టం, నేను వేరే చోట్ల అడుగుతున్నాను అని. వాళ్ళకు సగం అర్థమైంది, సగం కాలేదు. తుర్కయంజాల్ పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. రాత్రంతా పడుకోలేక కూర్చునే ఉన్నాడట. ప్రతి మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. అన్న కూడా వచ్చాడు. కొత్తపేటకు వెళ్ళమని నేను చెప్పినా వినకుండా వచ్చాడు, వదినను వెంటబెట్టుకుని.

ఎవరో పైకి కబురు చేశారు. యజమాని దిగి వచ్చాడు. ముఖం మీద చిరునవ్వు చెదరలేదు.

"ఏంటండీ, ఎందుకు కంగారు? ఏమీ లేదు. చిన్న రిపేరు, గంటలో అయిపోతుంది. మేడంగారు కాస్త టెన్షన్ పడ్డారు." కిటికీ దాకా నడిచి, ఖాళీగా ఉన్న ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. "మేడంగారి అన్నయ్యగారు ఇక్కడే చేయించుకుంటున్నారు కదా ఇన్నాళ్ళుగా. ఆయనకేమైనా అయిందా? రండి అన్నయ్యగారూ, కూర్చోండి."

హాలంతా అన్న వైపు చూసింది. నేనూ చూశాను. మనసులో ఒక మూల, కూర్చుంటాడేమో అని భయపడ్డాను. నా పేరు కోసం కూర్చుంటాడు కూడా.

అన్న కూర్చోలేదు. నిలబడ్డ చోటి నుంచే అన్నాడు. "నాకు గూడ చలొచ్చింది సార్. బుధారం వచ్చింది, శుక్రారం వచ్చింది. మా చెల్లెకు మాటొస్తదని చెప్పలే. మీరందరు నన్ను జూసి కూసుంటున్నరని నాకెరుకే. తప్పయింది."

యజమాని చెయ్యి ఇంకా కుర్చీ మీదే ఉంది. టైలరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకు గూడనా అన్నా?" అంది. "నిన్ను జూసే వస్తున్న గదనే నేను. నిన్ను జూసే కూసున్న గదనే!"

ఆమె తిట్టినా బాగుండేది. అన్న ఆమె ముఖంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

నిజం చెబితే ఏదో ఒకటి అవుతుందని మనసులో ఎక్కడో నమ్ముతాం. తలుపులు తెరుచుకుంటాయని, దారి దొరుకుతుందని. ఏమీ కాలేదు. యజమాని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, "మరి ఇప్పుడు మేము ఏడికి పోవాలె మేడం?" అంది. వాళ్ళ చేతిలో ఉన్న ఆ చెడ్డ నీళ్ళు కూడా నేనే లాగేసుకున్నాను.

అప్పుడు డ్రైవర్ పెద్దాయన గోడ వదిలి మెల్లగా నడిచాడు. వెళ్ళి అన్న కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నాకు వెట్టున్రి," అన్నాడు. "నీళ్ళెట్లున్నా మంచిదే. చలొస్తె రానీ. దుప్పటి గప్పున్రి. ఊపిరాడ్తలేదు."

ఎంతోమంది చావులు చూశాను ఈ ఉద్యోగంలో. ఆ మడిచిన చొక్కా చెయ్యి చూసినంత నరకం ఎప్పుడూ లేదు. కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆ పెద్దాయనకు రేపటిదాకా ఆగదు, ఈ రోజే చేయాలి అన్నారు. ఎక్కడ? నా దగ్గర ఉన్నది ఒక్క జాగా. అది మా అన్నది.

"నా జాగ ఆయనకియ్యి చెల్లె," అన్నాడు అన్న, నేను అడగకముందే. "నేను ఆగుత. నీళ్ళు తాగకుంట ఆగుత."

నాకు ఇవ్వాలని లేదు. ఇప్పటికీ అదే చెబుతాను, నాకు ఇవ్వాలని లేదు. అన్న ఉబ్బిన ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. వదిన నావైపు చూస్తూనే ఉంది. జబ్బు ఎవరికి ఎక్కువుంటే వాళ్ళకు ముందు, ఆ పాఠం ఏ కోర్సూ చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. తెలిసి కూడా కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ తరవాత పెద్దాయనను అంబులెన్సులో ఎక్కించాను. కొత్తపేట మేనేజరు ఫోన్లో మండిపడ్డాడు. "మీ అన్నకని గద మేడమ్ నేనిచ్చింది! గిట్లయితే ఎట్ల?" అన్నాడు. అయినా తిప్పి పంపలేదు. ఆ పుణ్యం ఆయనదే.

మిగతావాళ్ళ కోసం సాయంత్రందాకా కాళ్ళావేళ్ళా పడ్డాను. కొందరికి పెద్ద సర్కారు దవాఖానలో దొరికింది. కొందరికి నాగోలు వైపు, రాత్రి వరసల్లో. కొందరికి కార్డు మారలేదని తిప్పి పంపారు. టైలరమ్మకు దొరకలేదు. దొరికితే ఫోన్ చెయ్యమని చెప్పి మధ్యాహ్నం బస్సుకు నాదర్‌గుల్ వెళ్ళిపోయింది. అన్న ఆ రాత్రంతా కొట్లో గుడ్డల మూటలకు ఆనుకుని కూర్చున్నాడట, పడుకుంటే ఊపిరి అందక. తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయని సీసా మూతతో కొలిచి వదిన నోరు తడిపింది. మర్నాడు సాయంత్రం నాగోలు దగ్గర ఒక చోట జాగా దొరికింది.

నా ఉద్యోగం ఆ సోమవారమే పోయింది. "మీరు రేపట్నుంచి రానక్కర్లేదండీ," అన్నాడు యజమాని ఫోన్లో, అంతే మర్యాదగా. ఆరోగ్య శాఖ అధికారులకు అన్నీ రాసి పంపాను. విచారిస్తామన్నారు. గురువారం తనిఖీ జరిగింది. డయాలసిస్ హాలుకు తాళం వేసి, ఆధునీకరణ పనులు జరుగుతున్నాయని బోర్డు పెట్టారట. ముద్ర వచ్చింది. ఆస్పత్రి ముందు నాలుగంతస్తుల ఫ్లెక్సీ కట్టారు. మెట్రోలో పోతుంటే కనిపించేది. నేను తల తిప్పుకునేదాన్ని.

వారం తరవాత టైలరమ్మకు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక జాగా దొరికిన రోజు నేనే ఫోన్ చేశాను. ఆమె భర్త ఎత్తాడు. "ఇంకెందుకు మేడం," అన్నాడు. ఆయన వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఆమె చెప్పి పెట్టిన లైనింగ్ గుడ్డ అన్న కొట్లో పై అరలో చాలా రోజులు ఉంది. వదిన అమ్మనివ్వలేదు.

ఇప్పుడు వనస్థలిపురం వైపు ఒక చిన్న ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఇక్కడా డయాలసిస్ ఉంది. చేరిన రోజునే పైకెక్కి ప్లాంటు చూశాను. నీళ్ళ పరీక్ష ఫలితం నేను చూశాకే హాలు తలుపు తీస్తారు. యజమానురాలు ఆ విషయంలో గట్టి మనిషి. అన్నీ కుదురుకున్నాక ఒక ఆదివారం కొట్టుకు వెళ్ళి, అన్నను మా దగ్గరికి వచ్చేయమన్నాను. నాగోలు దాకా ఎందుకు తిరగడం, నేను కళ్ళముందే చూసుకుంటాను కదా అన్నాను.

అన్న బల్ల మీద దారపు ముక్కలు ఏరుతూ కూర్చున్నాడు.

"వద్దు చెల్లె," అన్నాడు చివరికి. "ఆడ నేనెవలో ఎవలకూ తెల్వదు. జర చలైతే చాలు, మొత్తుకుంట. నర్సమ్మ తిట్టుకుంట ఉరికొస్తది, బంద్ వెడ్తది. నీ దవాఖానల గట్ల మొత్తుకోలేను. నాతోని గాదు."

నేను ఒత్తిడి చేయలేదు. చేయడానికి నాకు మొహం లేదు.

మొన్న ఒక మీటింగులో మళ్ళీ మేనేజర్లం కలిశాం. టీ తాగుతూ ఉంటే ఎవరో అడిగారు, మీ అన్నకు డయాలసిస్ ఎక్కడ చేయిస్తున్నారని. నాగోలు దగ్గర అని చెప్పాను.

అందరూ నవ్వారు.